ఇస్లాంలో దేవుడు: ఒక్కడు, నామాలు అనేకం

మా సంఘం సభ్యత్వ పుస్తకంలో ఒకరి పేరు చాలా ఏళ్లపాటు 'అబ్దుల్' అనే ఉండిపోయింది. ఆయన పూర్తి పేరు అబ్దుల్ రహీమ్. గడి చిన్నదని రెండో మాట వదిలేసింది మేమే. అరబీలో 'అబ్ద్' అంటే దాసుడు. ఎవరి దాసుడో చెప్పే మాటనే మేము కొట్టేశాం. ఆయన కుమారుడు వచ్చి నెమ్మదిగా చెబితేగాని తెలియలేదు. మనలో దూదేకుల కుటుంబాల వంటి వారు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అయినా వారి పేర్లలోని అర్థం మనకు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇస్లాంకు మూలం తౌహీద్, అంటే దేవుడు ఒక్కడే అనే విశ్వాసం. ఖురాన్ 112వ అధ్యాయం నాలుగే వాక్యాల్లో దీన్ని చెబుతుంది: ఆయన ఒక్కడు, ఎవరి మీదా ఆధారపడడు, ఆయనకు సంతానం లేదు, ఆయన ఎవరికీ పుట్టలేదు, ఆయనకు సాటి లేరు. 'అల్లాహ్' అనే మాటకు బహువచనం లేదు. అరబీ మాట్లాడే క్రైస్తవులూ దేవుణ్ణి ఆ మాటతోనే పిలుస్తారు.

దేవుడికి 99 నామాలున్నాయని ప్రవక్త చెప్పినట్టు హదీసు ఉంది. ఖురాన్‌లో అవన్నీ ఒకేచోట వరుసగా ఉండవు. ప్రసిద్ధమైన పట్టిక తిర్మిజీ హదీసు సంకలనంలోనిది. వేరే పట్టికల్లో కొన్ని పేర్లు మారతాయి, నామాలు 99కే పరిమితం కావని చెప్పిన పండితులూ చాలామంది ఉన్నారు. జపమాలలో 99 పూసలో, 33 పూసలో ఉంటాయి. మన పాఠకులకు సహస్రనామం గుర్తుకు రావచ్చు. అయితే ఇక్కడ విగ్రహానికీ అవతారానికీ చోటు లేదు.

ఖురాన్‌లోని 114 అధ్యాయాల్లో తొమ్మిదవది తప్ప అన్నీ రహ్మాన్, రహీమ్ అనే నామాలతో దేవుణ్ణి తలచి మొదలవుతాయి. రెండూ కరుణకు సంబంధించినవే. అరబీలో తల్లి గర్భానికి వాడే మాట కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. తెలుగులో 'కరుణామయుడు' అంటే ఆ తల్లి వాసన అందదని మాకనిపిస్తుంది. జీవం పోసేవాడు, మరణమిచ్చేవాడు. మొదటివాడు, చివరివాడు అన్నట్టు జంటగా వచ్చే నామాలూ ఉన్నాయి.

దేవుడి చేయి, ముఖం, సింహాసనం అని ఖురాన్‌లో ఉంది; ఆయనను పోలినది ఏదీ లేదనీ ఉంది. రెంటినీ ఎలా కలపాలి? గుణాలు దైవసత్తకు వేరుగా ఉంటే ఏకత్వం చెడుతుందన్నారు ముతజిలీలు. ఖురాన్ కూడా సృష్టించబడినదే అని వారి వాదం. 833లో ఖలీఫా మామూన్ దాన్ని ఒప్పుకోమని పండితులను నిర్బంధించాడు. అహ్మద్ ఇబ్న్ హన్బల్ ఒప్పుకోక చెరసాల పాలయ్యారు. తర్వాతి శతాబ్దంలో అష్అరీ మధ్యేమార్గం చూపారు: జీవం, జ్ఞానం, సంకల్పం, శక్తి, వినికిడి, చూపు, వాక్కు నిజమైన గుణాలే, కానీ మనిషి గుణాల వంటివి కావు. సమర్‌ఖండ్‌కు చెందిన మాతురీదీ వీటికి సృష్టించే గుణాన్ని చేర్చారు.

ఇక మా పుస్తకం సంగతి. 'రహీమ్' మనుషులకూ చెల్లే మాట. 'రహ్మాన్' దేవుడికే చెందుతుంది, కాబట్టి అబ్దుల్ రహ్మాన్ గారిని ఉత్త రహ్మాన్ అని పిలవడం పెద్దలకు నచ్చదు. అబ్దుల్ రహీమ్, అబ్దుర్రహీమ్ ఒకే పేరు. అరబీ ఉచ్చారణలో 'ల' కార 'ర'లో కలిసిపోతుంది. సభ్యత్వ పత్రంలో మాత్రం ఆధార్‌లో ఉన్న అక్షరాలే పూర్తిగా రాయండి. ఇప్పుడు గడి వెడల్పు చేయించాం.