కెమెరా లెన్సుల్లో సర్క్యూట్ బోర్డుల అమరిక

ఆటోఫోకస్ కెమెరాల లెన్సుల్లో గాజు కటకాలతోపాటు మోటార్లు, సెన్సర్లు, వాటిని నడిపే సర్క్యూట్ బోర్డులు కూడా ఉంటాయి. లెన్సు నడిమి భాగమంతా కాంతి ప్రయాణించే దారి. అందువల్ల కటకాలకూ బయటి గొట్టానికీ మధ్య మిగిలిన సన్నని ఖాళీలోనే బోర్డులను ఇమడ్చాలి. లెన్సు చిన్నదయ్యే కొద్దీ ఈ ఖాళీ తగ్గుతుంది, బోర్డు ఆకారాన్ని అదే నిర్ణయిస్తుంది.

నేపథ్యం

1981లో కెనాన్ తెచ్చిన ఎఫ్‌డీ 35-70 మి.మీ. ఎఫ్/4 ఏఎఫ్ లెన్సు ఫోకస్ సెన్సరును, మోటారును, బ్యాటరీలను తనలోనే మోసేది. అందుకే దాని గొట్టానికి పెద్ద పెట్టెలాంటి ఉబ్బు ఉండేది. 1985 నాటి మినోల్టా 7000 మోటారును కెమెరాలోనే ఉంచి, చిన్న ఇరుసుతో లెన్సును తిప్పింది. దాంతో లెన్సులో తన వివరాలు చెప్పే చిప్పు ఉంటే సరిపోయింది.

1987లో కెనాన్ ఈఓఎస్ కెమెరాలతో వచ్చిన ఈఎఫ్ మౌంట్ (లెన్సును కెమెరాకు బిగించే భాగం) ఈ పద్ధతిని మార్చింది. కెమెరాకూ లెన్సుకూ మధ్య యాంత్రిక లంకె తీసేసి, విద్యుత్ కాంటాక్టులు మాత్రమే ఉంచింది. ఫోకస్ మోటారు, అపెర్చర్‌ను (కాంతి వెళ్లే రంధ్రాన్ని) మార్చే మోటారు రెండూ లెన్సులోకి చేరాయి. 1995లో వచ్చిన ఈఎఫ్ 75-300 మి.మీ. ఐఎస్ లెన్సుతో చేతి వణుకును సరిదిద్దే ఇమేజ్ స్టెబిలైజర్ సర్క్యూట్ కూడా వాటికి తోడైంది. తరువాత లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు రావడంతో మౌంట్ నుంచి ఇమేజ్ సెన్సర్ వరకు ఉండే దూరం బాగా తగ్గింది. ఈఎఫ్‌లో అది 44 మి.మీ. కాగా, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 19.25, సోనీ ఈ-మౌంట్‌లో 18, నికాన్ జెడ్‌లో 16 మి.మీ. కెమెరా సన్నబడ్డాక లెన్సు కూడా సన్నగా ఉండాలని కొనేవారు కోరుకున్నారు.

ప్రధాన బోర్డు

ప్రధాన బోర్డును సాధారణంగా మౌంట్‌కు ఆనుకుని, లెన్సు వెనుక భాగంలో బిగిస్తారు. అది గారెలా నడుమ రంధ్రంతో గుండ్రంగా ఉంటుంది. వెనుక కటకాలు ఆ రంధ్రంలో ఇముడుతాయి. మోటారుకో, కదిలే మీటకో చోటు కావలసినప్పుడు ఒక పక్క కోసేసి అర్ధచంద్రాకారంలో తయారుచేస్తారు.

ఉదాహరణకు గొట్టం లోపలి వ్యాసం 60 మి.మీ., వెనుక కటకాల గొట్టం వ్యాసం 40 మి.మీ. అనుకుంటే, బోర్డుకు దక్కేది 10 మి.మీ. వెడల్పున్న పట్టీ మాత్రమే. దాని వైశాల్యం దాదాపు 15.7 చదరపు సెంటీమీటర్లు. స్క్రూలకూ మోటారుకూ పోయే చోటు ఇందులోంచే తీసేయాలి. అందుకే బోర్డుకు రెండు వైపులా భాగాలను అతికిస్తారు, రాగి దారులను పలు పొరల్లో పరుస్తారు. 0.6 × 0.3 మి.మీ. కొలతల కెపాసిటర్లను, కాళ్లు పక్కలకు చాచకుండా అడుగునే అతుక్కునే చిప్పులను వాడతారు. ఎత్తుగా ఉండే కాయిళ్లను, కనెక్టర్లను ఎదుట ఖాళీ ఉన్న చోటే పెడతారు.

ఫ్లెక్స్ పట్టీలు

గట్టి బోర్డు చేరలేని చోటికి ఫ్లెక్స్ వెళుతుంది. ఇది పాలిఇమైడ్ పొర మీద పలుచని రాగి రేకు అతికించిన, వంగే సర్క్యూట్. గొట్టం లోపలి గోడ వెంట చుట్టుకుంటూ మోటారును, అపెర్చర్‌ను, సెన్సర్లను ప్రధాన బోర్డుకు కలుపుతుంది.

జూమ్ లెన్సులో కటకాల గుంపులు ముందుకూ వెనక్కూ జరుగుతాయి. వాటితోపాటు కదిలే ఫ్లెక్స్‌ను 'యూ' ఆకారంలో వదులుగా మడిచి ఉంచుతారు. కటకాలు జరిగినప్పుడు పట్టీ సాగదు, మడత మాత్రమే చోటు మారుతుంది. పదేపదే వంగే చోట రాగిని ఒకే పొరగా ఉంచుతారు, చిప్పులు గానీ రంధ్రాలు గానీ పెట్టరు. టంకం వేసే చోట అడుగున గట్టి పలక అతికిస్తారు. లేకుంటే పట్టీ వంగినప్పుడు టంకం చిట్లుతుంది.

ఇతర జాగ్రత్తలు

వణుకును కొలిచే గైరో సెన్సర్లను సరైన దిశలో, కదలకుండా బిగించాలి. మోటారు అదురు వాటికి తగలకూడదు. మోటారుకు వెళ్లే కరెంటు దారులను సెన్సర్ల బలహీనమైన సంకేతాలకు దూరంగా వేస్తారు. కటకాల స్థానాన్ని కొన్ని లెన్సుల్లో పరారుణ కాంతితో గుర్తిస్తారు. ఆ కాంతి ఇమేజ్ సెన్సర్‌పై పడకుండా, బోర్డు అంచులు మెరవకుండా నల్లటి కవచాలు అడ్డుపెడతారు.

ఉదాహరణలు

కెనాన్ ఈఎఫ్ 40 మి.మీ. ఎఫ్/2.8 ఎస్‌టీఎమ్ (2012) పొడవు 22.8 మి.మీ., బరువు 130 గ్రాములు. ఇందులో ఫోకస్ రింగుకూ కటకాలకూ నేరుగా సంబంధం లేదు. రింగు ఎంత తిరిగిందో సర్క్యూట్ గ్రహించి మోటారును నడుపుతుంది. అందువల్ల కెమెరా ఆపేశాక రింగు తిప్పినా ఫోకస్ మారదు. అదే ఏడాది వచ్చిన సోనీ ఈ పీజడ్ 16-50 మి.మీ. లెన్సులో జూమ్‌ను కూడా మోటారే నడుపుతుంది. ముడుచుకున్నప్పుడు దాని పొడవు 29.9 మి.మీ., బరువు 116 గ్రాములు.

మరమ్మతు

ఇరుకైన అమరిక మరమ్మతును కష్టతరం చేస్తుంది. అపెర్చర్ ఫ్లెక్స్ తెగితే మౌంట్, ప్రధాన బోర్డు, ఆ పైన కటకాల గుంపులు ఒక్కొక్కటిగా విప్పాల్సి వస్తుంది. కనెక్టర్ గొళ్లెం ఎత్తకుండా ఫ్లెక్స్‌ను లాగితే అది చిరుగుతుంది. మౌంట్ కింద పలుచని సర్దుబాటు రేకులు ఉంటే వాటిని తీసిన చోటే తిరిగి పెట్టాలి, లేదంటే ఫోకస్ తప్పుతుంది. లెన్సుకూ కెమెరాకూ మధ్య సంకేతాలు సరిగా అందనప్పుడు కెనాన్ కెమెరాలు 'ఎర్ 01' అని చూపుతాయి. అలాంటప్పుడు లెన్సు విప్పించడానికి ముందు మౌంట్ కాంటాక్టులను పొడి మెత్తని గుడ్డతో తుడిచి చూడాలి.