ఓటేసింది ఎవరో చూడండి: 1966 ఆల్-కాన్ఫరెన్స్ లిస్టు కథ

ఈరోజు ఒక లిస్టు గురించి మాట్లాడుకుందాం. 1966 సీజన్‌కి ప్రకటించిన ఆల్-సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ఫుట్‌బాల్ టీమ్. మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్.

అక్కడ కొన్ని కాలేజీలు కలిసి తమలో తాము లీగ్ ఆడుకుంటాయి. ఆ గ్రూపే కాన్ఫరెన్స్. సీజన్ చివర్లో ఒక్కో పొజిషన్‌కి బెస్ట్ ఎవరో ఎంచి, ఒక టీమ్ ప్రకటిస్తారు. ఐపీఎల్ అయ్యాక 'టీమ్ ఆఫ్ ద టోర్నమెంట్' వేస్తారు కదా, అలాంటిదే. ఆ టీమ్ మ్యాచ్ ఆడదు, పేర్లు మాత్రమే. మరి ఎంచేది ఎవరు? ఆ ప్రాంతపు కోచ్‌లు, స్పోర్ట్స్ రైటర్లే. నాకు అసలు కథ ఇక్కడే కనిపించింది.

సౌత్‌వెస్ట్‌లో అప్పుడు 8 కాలేజీలు. ఏడు టెక్సాస్‌వి, ఒకటి ఆర్కన్సా. 1915 నుంచి లీగ్ నడుస్తోంది. యాభై ఏళ్ళు ఒక్క నల్లజాతి కుర్రాడికీ ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. 1965లో ఎస్ఎంయూ కోచ్ హేడెన్ ఫ్రై మొదటిసారి ఇచ్చాడు. ఎస్ఎంయూ ఉన్నది డాలస్‌లోనే, మనలో చాలామందికి కజిన్సో క్లాస్‌మేట్సో ఉండే ఊరు. ఆ స్కాలర్‌షిప్ అందుకున్నది బోమాంట్ నుంచి వచ్చిన జెర్రీ లెవయస్. చిన్న మనిషి, 5 అడుగుల 9 అంగుళాలు. జెర్సీ నంబర్ 23. బైబిల్‌లోని 23వ కీర్తన గుర్తుగా నానమ్మ వేసుకోమన్న నంబర్ అది.

అప్పటి రూల్ ప్రకారం ఫస్టియర్ వాళ్ళు మెయిన్ టీమ్‌లో ఆడకూడదు. అందుకే 1966లో దిగాడు. అంతకు వారం ముందే బేలర్ తరఫున జాన్ వెస్ట్‌బ్రూక్ ఆడాడు. కాన్ఫరెన్స్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. స్కాలర్‌షిప్ లేకుండా వచ్చాడు, ఆ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

లెవయస్‌తో రూమ్ షేర్ చేసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. బూతు ఉత్తరాలు వచ్చేవి, వాటిని కోచ్ ముందే తీసి పక్కన పెట్టేవాడు. సీజన్ చివర్లో టీసీయూతో మ్యాచ్‌కి ముందైతే, గ్రౌండ్‌లోనే కాల్చేస్తామని బెదిరింపు. అయినా ఆడాడు. 1948 తర్వాత మొదటిసారి ఎస్ఎంయూ టైటిల్ కొట్టింది.

తర్వాత లిస్టు వచ్చింది. అందులో లెవయస్ పేరు ఉంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు అప్రైజల్ ఫామ్‌లు చాలా చూశా. మనం గిట్టని వాళ్ళ చేతిలో రేటింగ్ ఉంటే ఏమవుతుందో మీకూ తెలుసు. ఇక్కడ ఓటేసిన వాళ్ళలో కొందరి టీముల్లో ఇంకా ఒక్క నల్లజాతి కుర్రాడు లేడు. వాళ్ళ మనసు మారిందని నేను చెప్పను. 1969లో నేషనల్ ఛాంపియన్ అయిన టెక్సాస్ యూనివర్సిటీ టీమ్‌లో అందరూ తెల్లవాళ్ళే. కానీ ఆట కళ్ళ ముందు కనిపిస్తుంటే పేరు రాయక తప్పలేదు.

1967లోనూ రాశారు, 1968లోనూ రాశారు. ఆ 1968లో మళ్ళీ టీసీయూతోనే మ్యాచ్. ప్రత్యర్థి ఒకడు ముఖం మీద ఉమ్మేశాడు. లెవయస్ హెల్మెట్ విసిరికొట్టి, ఇక ఆడనని బెంచ్ మీద కూర్చున్నాడు. ఫ్రై వెళ్ళి పక్కన కూర్చున్నాడు. స్కోరు 14-14. కాసేపటికి లెవయస్ లేచి గ్రౌండ్‌లోకి వెళ్ళాడు, పంట్ అందుకున్నాడు, 89 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఎస్ఎంయూ 21, టీసీయూ 14.