కార్మ్ మఠం తోటలో

చోడవరం ఒకప్పటి విశాఖపట్నం మిషన్ హద్దుల్లోది. 1846లో ఆ విశాఖకు వచ్చిన ఫ్రాన్సిస్ దె సేల్స్ సభ ఫాదర్లది ఆల్ప్స్ కొండల నడుమ, సవాయ్ దేశంలోని ఆన్సీ. వాళ్ల సభను స్థాపించిన పియేర్ మరీ మెర్మియే 1790 ఆగస్టు 28న పుట్టారు. అంతకు దాదాపు ఏడు వారాల ముందే, జులై 12న, పారిస్‌లో ఒక చట్టం పాసైంది. ఈ గాథకు మూలం అదే.

ఫ్రెంచి విప్లవానికి ముందు అక్కడి తిరుసభ బాగా కలిగిన సంస్థ. దేశంలోని భూముల్లో ఇంచుమించు పదో వంతు దానిదే. పైగా రైతు పండించిన దాంట్లో దశమభాగం ఇచ్చుకోవాలి. మేత్రాణులు దాదాపు అందరూ దొరబిడ్డలు. శిస్తుల బాధ ఎరిగిన చోడవరం వైపు రైతుకు ఆ జనం కోపం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. 1789 నవంబరులో ఆ ఆస్తులు జాతిపరమయ్యాయంటే నాకూ బెంగ లేదు.

1790 జులై చట్టంతో వ్యవహారం ఆస్తి దగ్గర ఆగలేదు. మేత్రాణుల్ని, విచారణ గురువుల్ని ఓటర్లే ఎన్నుకుంటారు, పోపు అనుమతితో పనిలేదు. ఆ పైన, దీనికి కట్టుబడతామని గురువులంతా ప్రమాణం చెయ్యాలన్నారు. విచారణ గురువుల్లో అటూ ఇటూగా సగం మంది చేశారు. చెయ్యనివాళ్లు ద్రోహుల లెక్కలోకి పోయారు.

1792 ఆగస్టులో రాజు పడిపోయాడు. ప్రష్యా సైన్యం వెర్దన్ కోట మీదికి వచ్చిందన్న కబురుతో పారిస్ వణికింది. జైళ్లలో ఉన్నవాళ్లు వెనక నుంచి పొడుస్తారని పుకారు లేచింది. సెప్టెంబరు 2, ఆదివారం. పారిస్‌లోని కార్మ్ మఠంలో, ప్రమాణం చెయ్యక బందీలైన గురువుల్ని మధ్యాహ్నం తోటలోకి వదిలారు. కత్తులతో, బల్లేలతో గుంపు వచ్చి పడింది. ఆర్ల్ అగ్రపీఠాధిపతి ఎవరని అరిచారు. ఆ అగ్రపీఠాధిపతి ద్యు లో గారు ముందుకొచ్చి తానేనన్నారు. అక్కడే నరికేశారు.

మిగిలినవాళ్లను గుడిలోకి తోలి, ఇద్దరిద్దర్ని పిలవడం మొదలుపెట్టారు. ప్రమాణం చేస్తావా? చెయ్యనంటే, మెట్లు దిగి మళ్లీ తోటలోకే. బొవే మేత్రాణుల కాలు అప్పటికే తూటా తగిలి దెబ్బతింది. తన వంతు వచ్చినప్పుడు ఆయన, చావడానికి నాకు అభ్యంతరం లేదు, నడవలేను, కాస్త పట్టుకోండి అన్నారు. చంపడానికి వచ్చినవాళ్లే ఆయన్ని మోసుకెళ్లారు. ఆ మర్యాద ఏమిటో, ఆ కత్తులేమిటో నాకిప్పటికీ పొంతన కుదరదు. ఆయన తమ్ముడు, సేంత్ మేత్రాణులు, కూడా ఆ పూటే పోయారు. ఆ ఒక్క మఠంలోనే చనిపోయినవాళ్లు వంద దాటారు. ఆ సెప్టెంబరు మృతుల్లో 191 మందిని 1926లో పోపు పదకొండవ పియస్ ధన్యులుగా ప్రకటించారు.

ఆ నెల తిరక్కుండానే ఫ్రెంచి సైన్యం సవాయ్‌లో అడుగుపెట్టింది. గురువులు చాలామంది కొండలు దాటి పారిపోయారు, కొందరు చాటుమాటుగా పూజలు చేశారు. ఆన్సీ జనం పునీత ఫ్రాన్సిస్ దె సేల్స్ భౌతికావశేషాల్ని దాచిపెట్టారు.

ఫ్రాన్సులో సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లు కొందరు 1794లో గిలటిన్ కింద తలలిచ్చారు. మదర్ సెయింట్ జాన్ ఫోంబోన్ జైల్లో తన వంతు కోసం ఎదురుచూస్తుండగా జులై ఆఖర్లో, పారిస్‌లో అధికారం చలాయిస్తున్న రోబెస్పియరే కూలిపోయాడు. తలుపులు తెరుచుకున్నాయి. చెదిరిపోయిన సభను ఆమె తిరిగి నిలబెట్టారు. ఆమె బతకబట్టే, 1849లో ఆన్సీ నుంచి సిస్టర్లు మన తీరానికి ఓడెక్కారు.