హార్మోనియం రీడు, ఆరెక్స్ 100

కార్బొరేటర్ ఊడదీసి, దానికీ సిలిండరుకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం బోల్టులు విప్పితే, యమహా ఆరెక్స్ 100 సిలిండరులోంచి రెండు వాలుల ఇంటికప్పులాంటి చిన్న ముక్క ఒకటి చేతిలోకి వస్తుంది. వాలుల మీద పలచటి స్టీలు రేకులుంటాయి. దీన్ని మెకానిక్‌లు రీడ్ వాల్వ్ అంటారు. పాయకరావుపేటలో మా పెరట్లో నేను దాన్ని మొదటిసారి బయటికి తీసిన రోజున మా పెద్ద మావయ్య పక్కనే మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు. వయసులో ఉండగా పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన చెయ్యి ఆయనది. ఆ ముక్క అందుకుని, కళ్లద్దాలు పైకి జరిపి, రేకుని గోటితో మెల్లగా ఎత్తి చూశారు.

“ఇదేట్రా, మా పెట్టెలో రీడులా ఉంది!”

“దీని పేరూ రీడే మావయ్యా.”

ఆయన పోలిక చెప్పారు, నేను పేరు చెప్పాను. ఆ రెంటి వెనకా ఒక చరిత్ర ఉందని నాకు తర్వాత తెలిసింది. యమహా అనే పేరు మొదలైందే పాడైన ఒక వాద్యాన్ని బాగుచేయడంతో.

1887లో జపాన్‌లోని హమామత్సు పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాలకు విదేశాల నుంచి తెప్పించిన రీడ్ ఆర్గన్ మూగబోయింది. మన హార్మోనియానికి అది అన్నలాంటిది. కాళ్లతో తొక్కితే తిత్తి కదిలి, గాలి రీడ్లను పలికిస్తుంది. దాన్ని బాగుచేయమని తొరకుసు యమహా అనే ఆయన్ని పిలిచారు. వైద్య పరికరాలు మరమ్మతు చేసే మనిషి ఆయన. విప్పాడు, లోపల ఏముందో చూశాడు, బాగుచేశాడు. ఇలాంటిది నేనూ చేయగలననుకున్నాడు. కవాయి అనే పనివాడి సాయంతో ఒక ఆర్గన్ తయారుచేసి, ఇద్దరూ దాన్ని కావడిబద్దకు కట్టి భుజాల మీద మోసుకుంటూ హకోనే కొండలు దాటి టోక్యో చేరారు. దారి 250 కిలోమీటర్లు. అక్కడి సంగీత పాఠశాలవాళ్లు పరీక్షించి, శ్రుతి కుదరలేదన్నారు. యమహా అక్కడే ఉండిపోయి శ్రుతిశాస్త్రం నేర్చుకుని, తిరిగి వెళ్లి రెండో ఆర్గన్ చేశాడు. అది నెగ్గింది. 1897లో ‘నిప్పన్ గక్కి’, అంటే జపాన్ వాద్యాల కంపెనీ, ఏర్పడింది. యమహా గుర్తులో వలయం లోపల అడ్డంగా పెనవేసుకుని కనిపించే మూడూ శ్రుతిదండాలు. బడిలో ధ్వని పాఠం చెప్పేటప్పుడు రబ్బరు సుత్తితో కొట్టి చూపించే శ్రుతిదండాలే. ఎన్నో ఏళ్లు నేను వాటిని చక్రం ఊచలనుకున్నాను.

వాద్యాల కంపెనీ బళ్లు చేయడానికి కారణం యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఫ్యాక్టరీ విమానాల ప్రొపెల్లర్లు చేసింది. యుద్ధం ముగిశాక ఆ యంత్రాలు ఊరికే పడి ఉన్నాయి. వాటికి పని కల్పించాలని అధ్యక్షుడు గెనిచి కవాకామి మోటారుసైకిలు వైపు చూశాడు. నమూనాగా తీసుకున్నది జర్మనీవాళ్ల డీకేడబ్ల్యూ ఆర్‌టీ 125ని. ఆ రోజుల్లో చాలా దేశాలు ఆ బండిని చూసి తమ బళ్లు చేసుకున్నాయి. ఇంగ్లండు బీఎస్ఏ బాంటమ్ కూడా దాని బిడ్డే. 1955లో వైఏ-1 బయటికొచ్చింది. 125 సీసీ, టూ స్ట్రోక్, ముదురు ఎరుపు రంగు. జపాన్‌లో దాన్ని ఎర్ర తూనీగ అన్నారు. ఆ ఏడాదే జూలై 1న యమహా మోటార్ వేరే కంపెనీగా ఏర్పడింది. అదే నెలలో ఫుజి పర్వతం ఎక్కే పందెంలో 125 సీసీ తరగతిలో ఆ బండి గెలిచింది. సుజుకీ కూడా హమామత్సుదే, 1909లో మగ్గాల తయారీతో మొదలైంది. హోండా బతుకూ అక్కడే మొదలైంది. 1946లో సొయిచిరో హోండా సైన్యం వదిలేసిన వైర్‌లెస్ జనరేటర్ ఇంజిన్లను సైకిళ్లకు బిగించి అమ్మాడు. ఒకే పట్టణం నుంచి మూడు కంపెనీలు, మూడూ వేరే పనిలోంచి ఇటు మళ్లినవే.

టూ స్ట్రోక్ ఇంజిన్లో రీడు చేసే పని చాలా తేలిక. పిస్టన్ పైకి వెళ్తే కింద క్రాంక్ కేసులో గాలి పలచబడుతుంది. ఆ లాగుడికి రేకులు తెరుచుకుని పెట్రోలు కలిసిన గాలి లోపలికి వస్తుంది. పిస్టన్ కిందికి దిగితే రేకులు మూసుకుంటాయి, వచ్చినది వెనక్కి పోదు. రీడ్ వాల్వ్‌ని యమహా కనిపెట్టలేదు, పడవ ఇంజిన్లలో అంతకు ముందే ఉంది. కానీ 1972 నుంచి ‘టార్క్ ఇండక్షన్’ పేరుతో తన మోటారుసైకిళ్లలో పెట్టింది. తక్కువ వేగంలో కూడా బండి లాగడం దాని ఫలితమే. ఆరెక్స్ 100 పూర్తి శక్తినిచ్చేది నిమిషానికి 7,500 తిరుగుళ్ల దగ్గర, అంటే సెకనుకు 125. మంద్రస్థాయిలో హార్మోనియం రీడు కదిలే వేగం కూడా ఇంచుమించు అంతే. ఈ లెక్క చెప్తే మావయ్య ఏమీ అనలేదు. ఆ రేకుని ఇంకాసేపు చేతిలోనే ఉంచుకున్నారు.

మన దేశానికి జపాన్ బండి ఆలస్యంగా వచ్చింది. అంతకు ముందు మన రోడ్ల మీద తిరిగినవి ఇంగ్లండు పుట్టుక బుల్లెట్, చెకోస్లొవేకియా పుట్టుక జావా, పోలండ్ ఎస్‌హెచ్ఎల్ ఎమ్11 నుంచి వచ్చిన రాజ్‌దూత్. పాలబిందెలు అటొకటి ఇటొకటి వేలాడదీసిన రాజ్‌దూత్‌ని చూడని పల్లె మా వైపు లేదు. 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ 350 పేరుతో తెచ్చింది. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. అప్పటి మన రోడ్లకు అది మితిమీరిన వేగం, మన జేబులకు మితిమీరిన పెట్రోలు ఖర్చు. ఎక్కువ కాలం నిలవలేదు. 100 సీసీ బళ్లు నిలిచాయి. 1984లో ఇండ్-సుజుకీ ఏఎక్స్ 100, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది నవంబరులో ఆరెక్స్ 100, 1986లో కవాసాకి బజాజ్ కేబీ 100. వీటిలో హీరో హోండా ఒక్కటే ఫోర్ స్ట్రోక్. పొదుపు కావాలన్నవాళ్లు దాని వైపు వెళ్లారు. లాగుడు కావాలన్నవాళ్లు ఆరెక్స్ కొన్నారు. 98 సీసీకి 11 గుర్రాల శక్తి, బండి బరువు 100 కిలోల చుట్టూ. కాలుష్య నిబంధనలు బిగిసేసరికి 1996లో దాని తయారీ ఆగింది. ఆ తర్వాత పుట్టిన కుర్రాళ్లకు దాన్ని మళ్లీ పరిచయం చేసింది 2018లో అజయ్ భూపతి తీసిన ‘ఆర్ఎక్స్ 100’ సినిమా.

మా ఇంట్లోది 1994 మోడలు, పీకాక్ బ్లూ. తాండవ నదికి ఇవతల పాయకరావుపేట, అవతల తుని. వంతెన దాటితే జిల్లా మారుతుంది, బండి నంబరూ మారేది. ఇవతలివి ఏపీ 31, అవతలివి ఏపీ 5. మా ఊరు 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. నా బండి ప్లేటు మాత్రం ఇంకా విశాఖ పేరే చెప్తోంది. కొన్న కొత్తలో లోవ తలుపులమ్మ దగ్గర పూజ చేయించి తెచ్చిన ఆ బండి పదకొండేళ్లు పశువుల పాకలో పడి ఉంది. పెంటకోట సముద్రం దగ్గరే కాబట్టి ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది. బయటికి తీసేసరికి ట్యాంకు లోపలంతా తుప్పు.

ఆ తుప్పు వదిలించింది చింతపండు. ఇత్తడి చెంబులు తోమే పాత చింతపండునే నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి, ట్యాంకు నిండా పోసి రెండు రాత్రులు ఉంచాను. పారబోస్తే ఎర్రమట్టి నీళ్లలా వచ్చింది. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కాస్త టూటీ ఆయిల్ పోసి లోపలంతా తిప్పాలి. ఈ చివరి పని మానేస్తే తేమగాలికి మర్నాటికే మళ్లీ తుప్పు పడుతుంది.

సిలిండరు లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరమూ 50. అరిగిన సిలిండరుని లేత్ దగ్గర పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ వెళ్లొచ్చు, నాలుగు మెట్లలో 51 దాకా. దాన్నే రీబోర్ అంటారు. అందుకే తొందరపడి రీబోర్ చేయించకూడదు. ఒక్కో రీబోరుతో బండి ఆయుష్షులో ఒక మెట్టు ఖర్చవుతుంది. కొలవకుండానే ‘బోరు పోయింది’ అంటే నమ్మకండి. పిస్టన్ ఎక్కించేటప్పుడు దాని తల మీది బాణం గుర్తు సైలెన్సరు వైపుండాలి. రింగుల చివర్లు గాడిలో ఉన్న సన్నని పిన్ను దగ్గరే కలవాలి. ఈ టూ స్ట్రోక్‌లో క్యామ్, టాపెట్లు, అవి నడిపే వాల్వులు ఉండవు. పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్, కదిలే ముఖ్యమైన భాగాలు ఈ మూడే. నాలాంటివాడు పెరట్లో గోనెపట్టా పరుచుకుని ఇంజిన్ దించగలిగాడంటే ఆ పొందికే కారణం.

నా మొదటి తప్పు ఆయిల్ సీలు. పిస్టన్ కొత్తది, రింగులు కొత్తవి, క్రాంక్‌కి అటూ ఇటూ ఉండే రబ్బరు సీళ్లు మాత్రం పాతవే వదిలేశాను. నక్కపల్లి వెళ్లే దారిలో హైవే మీద ఇంజిన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడుగున్నర జారింది. ఎండి గట్టిపడిన మ్యాగ్నెట్ వైపు సీలు గాలి పీల్చింది. గాలి ఎక్కువై, పెట్రోలుతో పాటు వెళ్లాల్సిన ఆయిల్ చాలక పిస్టన్ వేడెక్కి సిలిండరుకి అంటుకుంది. క్లచ్ వైపు సీలు పోతే వేరే గుర్తు: గేరు ఆయిల్ ఇంజిన్‌లోకి పోయి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. ఏళ్ల తరబడి నిలిచిన బండి ఏదైనా సరే, మిగతా పని ఎలా ఉన్నా, రెండు సీళ్లూ ముందు మార్చండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. ఆరెక్స్‌ను నెల రోజులు కదపననుకుంటే ట్యాంకు, కార్బొరేటర్ గిన్నె రెండూ ఖాళీ చేసి ఉంచడం మేలు. బోరు కొత్తదైతే, పెట్రోలులో ఆయిల్ కలిపి పోసేవాళ్లు మొదట్లో లీటరుకు 40 మిల్లీలీటర్లు కలుపుతారు, కుదురుకున్నాక 20కి దించుతారు.

సైలెన్సరు గురించి ఒక మాట బాధతో చెప్పాలి. శబ్దం కోసం దాన్ని కోయించేవాళ్లు ఎక్కువయ్యారు. టూ స్ట్రోక్ బండికి సైలెన్సరు ఇంజిన్‌లో భాగమే. పొగతో పాటు బయటికి దూసుకెళ్లిన పీడన తరంగం దాని లోపలి ఆకారానికి తగిలి వెనక్కి వచ్చి, సిలిండరులోంచి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది. సన్నాయికి బూర ఎలాగో బండికి అదలాగ. కోస్తే మోత పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. శ్రుతి కుదరలేదన్నందుకు ఆగిపోయి నేర్చుకున్న మనిషి పేరు ట్యాంకు మీద పెట్టుకుని ఆ పని చేయడం నాకు నచ్చదు. మసి పట్టిన సైలెన్సరుకి కావాల్సింది కోత కాదు, లోపలి గొట్టం బయటికి లాగి కార్బన్ గీకడం.

ఇంజిన్ మళ్లీ బిగించిన రోజున, ఏడో కిక్కుకి బండి అందుకుంటే, మావయ్య కళ్లు మూసుకుని విన్నారు. “కొంచెం పైకుంది, దించు” అన్నారు. స్లో స్క్రూ పావు తిప్పు వెనక్కి తిప్పాను. ఆయనన్నది నిజమే.

2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి, మూలరూపం పెద్దగా మారని బండికే వింటేజ్ గుర్తింపు, ‘వీఏ’ అక్షరాల ప్లేటు. మన దేశపు తొలి ఆరెక్స్‌కి ఆ వయసు వచ్చేది 2035లో, నా బండికి 2044లో. అప్పటిదాకా ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ ఉండాల్సిందే. మీ పాకలో, మేడమెట్ల కింద ఇలాంటి బండి ఉంటే పాత ఇనుముకి వేయకండి. ఆర్‌సీ పుస్తకం వెతికి పెట్టండి. ఇంజిన్ నంబరు మీద సుత్తి, రంగు పడనివ్వకండి. ఊడదీసిన పాత కార్బొరేటర్‌ని, పాత రీడ్ వాల్వ్‌ని డబ్బాలో నూనెగుడ్డ చుట్టి దాచండి.