లోహ నానోరేణువులు: రోగనిరోధక కణాల స్పందన

లోహ నానోరేణువుల పరిమాణం 1 నుంచి 100 నానోమీటర్లు. ఇవి రక్తంలో చేరిన వెంటనే ఆల్బుమిన్, ప్రతిరక్షకాలు, కాంప్లిమెంట్ ప్రొటీన్లు వాటికి అంటుకుని పొరగా ఏర్పడతాయి. రోగనిరోధక కణాలు గుర్తించేది చాలావరకు ఈ పొరనే. అందువల్ల ఒకే లోహం పరిమాణాన్ని, ఆకారాన్ని, పైపూతను బట్టి వేర్వేరు స్పందనలు కలిగిస్తుంది.

మొదట ఎదురయ్యేవి భక్షక కణాలు, అంటే మాక్రోఫేజ్‌లు. సిరలోకి ఎక్కించిన రేణువుల్లో అధిక భాగాన్ని కాలేయంలోని కుప్ఫర్ కణాలు, ప్లీహంలోని భక్షక కణాలు మింగేస్తాయి. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. భక్షక కణంలో మింగినదాన్ని జీర్ణం చేసే సంచి, అంటే లైసోజోమ్ ఆమ్లత్వానికి జింక్ ఆక్సైడ్ త్వరగా కరిగిపోతుంది, వెండి కూడా అయాన్లను విడుదల చేస్తుంది. ఆ అయాన్లు మైటోకాండ్రియాను దెబ్బతీసి ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతాయి. లైసోజోమ్ చిట్లితే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమజోమ్ అనే ప్రొటీన్ల సముదాయం మేల్కొని ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సంకేత ప్రొటీన్ వెలువడుతుంది. ఇది వాపుకూ జ్వరానికీ దారితీస్తుంది. బంగారం దాదాపు కరగదు కనుక కణాల్లో నెలల తరబడి నిలిచిపోగలదు. దాన్ని పూర్తిగా నిరపాయకరమనడం తొందరపాటే.

జింకు పూసిన ఇనుమును వెల్డింగ్ చేసే కార్మికులకు ఆ పొగ పీల్చిన కొన్ని గంటల్లో వచ్చే జ్వరం జింక్ ఆక్సైడ్ రేపే వాపు స్పందనకు చిరకాలంగా తెలిసిన ఉదాహరణ.

ప్రయోగశాల ఫలితాలను జాగ్రత్తగా చదవాలి. రేణువులపై బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ లేశమాత్రం ఉన్నా, అది కలిగించిన వాపును లోహానికి ఆపాదించే ప్రమాదముంది.

ఔషధాల విషయంలోనూ ఈ స్పందనను గమనించాలి. రక్తహీనతకు వాడే ఐరన్ ఆక్సైడ్ నానో ఔషధం ఫెరుమాక్సిటాల్‌కు అమెరికాలో 2009లో అనుమతి లభించింది. తీవ్ర అలర్జీల కారణంగా 2015లో దానిపై కఠిన హెచ్చరిక చేర్చారు.