వానకు విరాటపర్వం, కోతకు రూతు

ఆరుద్ర కార్తె దాటుతున్నా మబ్బు ముఖం చాటేస్తే విరాటపర్వం చదివించాలని తెలుగు పల్లెల్లో ఒక నమ్మకం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి మెట్టసీమకు ఆ నమ్మకం అవసరమూ ఎక్కువే. పద్దెనిమిది పర్వాలుండగా ఇదే ఎందుకు? జవాబుకు కథలోనే ఆధారం ఉంది. అజ్ఞాతవాసంలో పాండవుల జాడ వేగులకు చిక్కనప్పుడు భీష్ముడు ఒక ఆనవాలు చెబుతాడు: ధర్మరాజు ఉన్న చోట వానలు వేళకు కురుస్తాయి, పైర్లు పండుతాయి, పాడి పొంగుతుంది.

గ్రంథానికీ సందర్భానికీ ఇలాంటి ముడి పడ్డ తీరు యూదుల పండుగల్లో అంచెలంచెలుగా కనిపిస్తుంది.

మొదటి అంచె యూదు శాస్త్రి ఎజ్రాది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో, ఏడో నెల మొదటి రోజున, యెరూషలేము నీటి గుమ్మం ఎదుట అతడు తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడని నెహెమ్యా గ్రంథం చెబుతుంది. లేవీయులు జనానికి అర్థం విప్పి చెప్పారు. మన గుడి మండపంలో ఒకరు పద్యం చదువుతుంటే పౌరాణికుడు అర్థం చెప్పడం లాంటిదే ఇది.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల స్మృతి గ్రంథం మిష్నా ఏ పండుగకు ఏ భాగమో ఖాయం చేసింది. పండుగ ప్రస్తావన ధర్మశాస్త్రంలో ఎక్కడుంటే అక్కడే చదవాలన్నది తొలి సూత్రం. ఆ తర్వాత దాని వ్యాఖ్యాన గ్రంథం తాల్ముదు ప్రవక్తల గ్రంథాల నుంచి జోడు పాఠాలను లెక్కగట్టింది. ప్రాయశ్చిత్త దినాన మధ్యాహ్నం దాటాక యోనా గ్రంథం చదువుతారు, నీనెవె నగరం పశ్చాత్తాపపడి బతికిపోయిన కథ కాబట్టి.

ఇక ఐదు చిన్న గ్రంథాలు. పూరీము పండుగకు ఎస్తేరు, యెరూషలేము మందిరం కూలిన రోజుకు విలాపవాక్యాలు: ఈ రెంటినీ నిర్ణయించింది జరిగిన సంఘటన. పస్కాకు పరమగీతం, వారముల పండుగకు రూతు, పర్ణశాలల పండుగకు ప్రసంగి చదవడం ఆలస్యంగా స్థిరపడింది. ఈ మూడింటిలో మొదటి రెంటి ప్రస్తావన సుమారు 8వ శతాబ్దపు సోఫెరీము అనే గ్రంథంలో ఉంది.

రూతు సంగతి దగ్గరగా చూద్దాం. భర్త పోయిన మోయాబు కోడలు అత్తతో బేత్లెహేముకు వచ్చేసరికి యవల కోత మొదలైంది. గోధుమ కోత ముగిసేదాకా ఆమె పరాయి చేలో పరిగె ఏరుకుంటుంది. పాలమూరు కూలి తల్లికి ఈ కథ వివరించి చెప్పనక్కర్లేదు. వారముల పండుగ కూడా మొదట గోధుమ కోతల పండుగే. తర్వాత అది సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం దొరికిన రోజుగా మారింది. అప్పుడు రూతుకూ కొత్త కారణం కుదిరింది: పరాయి పిల్ల అయివుండీ ఆ ధర్మాన్ని కోరి స్వీకరించింది కదా! పాఠం మారలేదు, దానికి చెప్పే కారణమే మారింది.

పర్ణశాలల పండుగ మొదటి రోజు జెకర్యా గ్రంథం చివరి అధ్యాయం చదువుతారు. పండుగకు రాని జనాలకు వాన కురవదని అందులో ఉంది. పందిళ్లలో కూర్చునే ఏడు రోజులూ వాన అడగరు, పందిరి తడిస్తే పండుగ ఏముంది? ఎనిమిదో రోజున అడుగుతారు. భీష్ముడి మాటనూ జెకర్యా మాటనూ రెండు దూరదేశాల రైతులు ఒకే అవసరానికి చెవిన పెట్టుకున్నారు.

తెలుగు నేల మీదా యూదు పండుగలు జరిగే చోటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం 1980ల చివరి నుంచి యూదు ఆచారాలను బాహాటంగా పాటిస్తోంది.

ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 'హిందువుల పండుగలు' రాశారు. పండుగ పుట్టుపూర్వోత్తరాలు అడగడం ఈ గడ్డకు కొత్త కాదు. ఏ పండుగకు ఏం చదువుతారన్నదీ ఊరూరా అడిగి రాసుకోవాల్సిందే. చదివి వినిపించే పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.