ప్రపంచ పరస్పరాధారం – చరిత్ర బోధన (సిద్దిపేట ప్రాంతం)

ఏ దేశమూ ఒంటరిగా ఎదగలేదన్న సంగతిని స్థానిక వస్తువులు, ఆనవాళ్ల ద్వారా విద్యార్థులకు వివరించే పద్ధతి ఇది. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మెదక్ నుంచి విడివడి జిల్లాగా ఏర్పడిన సిద్దిపేట చుట్టుపక్కల ఇందుకు కావలసినంత సామగ్రి ఉంది.

పాఠాన్ని మక్క గారెతో మొదలుపెట్టవచ్చు. మక్కలూ, పిండిలో నూరి కలిపే మిరపకాయలూ రెండూ అమెరికా ఖండాల పంటలే. 1492 తర్వాత సాగిన సముద్రయానాలతో అవి మన దేశానికి చేరాయి. పొయ్యి మీది మూకుడే పిల్లలకు ప్రపంచ పటం అవుతుంది.

ఉమ్మడి మెదక్‌లోని కొండాపూర్‌లో 1940ల తొలినాళ్లలో తవ్వకాలు జరిగాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా అక్కడ దొరికింది. అక్కడి మ్యూజియం ఒకరోజు విహారయాత్రకు అనువైనది.

నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు మరో పాఠం. ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూత బిగించి, కొలిమిలో కరిగించి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇక్కడిదాకా వచ్చేవారు.

పత్తి కథలో లాభంతో పాటు నష్టమూ ఉంది. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో భారతీయ పత్తి ధర ఎగసి, యుద్ధం ముగియగానే పడిపోయింది. నేటి పత్తి రైతుల పిల్లలకు ఈ ఘట్టం ఇట్టే అర్థమవుతుంది. మాంచెస్టర్ మిల్లు బట్టల పోటీని, 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన సిద్దిపేట గొల్లభామ చీరను పక్కపక్కన పెట్టి చర్చించవచ్చు.